సావుకారి సాలు

పోయిన ఆదివారం, కొత్తగా చేరిన ఒకావిడ సంచి పట్టుకుని బెండ మడిలోకి దిగి చివరి సాలు దగ్గర ఆగిపోయింది. ఎమ్మిగనూరులో మగ్గాల ఇంటి కోడలు ఆమె. నెమ్మదైన మనిషి. "ఏమక్కా, ఈ సాలంతా ఇట్ల ముదరబెట్టినారు? ఎవురూ కోయల్యా?" అని అడిగింది. కాయలు జానెడు పొడుగున కట్టెల్లా ఎండి, అంచుల వెంట నెర్రెలిచ్చి ఉన్నాయి. "అది సావుకారి సాలు. దాన్ని కోయం" అన్నాను. "ఏ సావుకారు?" అంది.

చెప్పాలంటే చాలా ఉంది. ఎండ అప్పటికే నడినెత్తికి వచ్చింది, బోరు ఆగి ఆగి పోస్తోంది, నాకు ఓపిక లేదు. "ఒకాయన ఉండేవాడులే" అని ఊరుకున్నాను. ఆమె తలాడించి పక్క సాలులోకి పోయింది. ఆ మాట మాత్రం అప్పటినుంచి నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఒకాయన ఉండేవాడులే అని తేల్చేయగలిగిన మనిషా ఆయన?

ముందు మా తోట సంగతి చెప్పాలి. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే రోడ్డు దిగి కాస్త లోపలికి పోతే మా చేను. చుట్టూ పత్తి, మధ్యలో మా కూరగాయల మళ్లు. మందులు కొట్టం, మూటల ఎరువు వేయం. పేడా, కుళ్లిన ఆకూ, వేపపిండీ, ఇంతే. రెండు ఊళ్లలోని కొన్ని కుటుంబాలు పంట మొదట్లోనే తలా ఇంత డబ్బు వేసుకుని తోటలో చేరతాయి. ఆ తర్వాత ఆదివారం ఆదివారం వచ్చి ఎవరి కూరగాయలు వాళ్లే కోసుకుపోతారు. పండితే అందరికీ పండినట్టు, ఎండితే అందరికీ ఎండినట్టు. వినడానికి బాగుంటుంది. చేయడానికి నడుములు పడిపోతాయి.

పుచ్చు వంకాయ కనిపిస్తే నేనే లోపల పురుగును పెట్టినట్టు నా ముఖం చూసేవాళ్లు కొందరు. నాలుగు టమాటాల కోసం మొక్కను వేళ్లతో సహా పెరికి చేతిలో పట్టుకున్నవాళ్లు కొందరు. పుంటికూర, అదే గోంగూర, ఆ మడిలోనే నిలబడి పుంటికూర ఎక్కడుందని అడిగినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. మా ఆయన మొదటినుంచీ నోరు తక్కువ మనిషి కాబట్టి ఆయన నోరు ఇప్పటికీ కొత్తగానే ఉంది.

అట్లాంటి ఒక ఆదివారం ఆటోలోంచి దిగాడు ఆయన. తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజాన ఎర్ర అంచు తువ్వాలు, చేతిలో నూనె మరకల కాగితం పొట్లం. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి దలాలీగా బతుకంతా గడిపిన మనిషి. రైతుకూ కొనేవాడికీ మధ్య నిలబడి ధర కుదర్చడం ఆయన పని. ఇప్పుడు ధరలు సెల్లులోనే కనిపిస్తున్నాయి, దలాలీ అవసరం పెద్దగా లేదు. కొడుకులు బజారులో దుకాణం చూసుకుంటున్నారు. దుకాణంలో కూర్చుంటే వచ్చిన ప్రతివాడితో మాటలు పెట్టుకుంటాడని, ఇంట్లోనే ఉండమన్నారట. ఎవరో చెబితే మా తోటలో చేరాడు.

నేను "రాండి సావుకారీ" అంటే అక్కడే దిద్దాడు.

"నేను సావుకారును కాదు పాపా, దలాలీని. సావుకారు సొమ్ము పెడతాడు, దలాలీ నోరు పెడతాడు."

అయినా మా నోటికి సావుకారే అలవాటైపోయింది. నాకు యాభై దగ్గర పడుతున్నా ఆయనకు నేను పాపనే. తోటకు వచ్చే కుటుంబాల్లో నాకంటే చిన్నవాళ్లలో ఎక్కువమంది నన్ను "మేడమ్" అంటారు. ఆయన ఒక్కడు పాపా అనేవాడు. అందుకైనా ఆదివారం కోసం చూసేదాన్నేమో.

పొట్లంలో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. ప్రతి ఆదివారం తెచ్చేవాడు. ఎవరూ మడిలోకి దిగకముందే గట్టు మీద పొట్లం విప్పి, "ముందు తినండప్పా. కడుపు కాలేటోడు బేరం సెడగొడతాడు" అనేవాడు. ఆయన మాత్రం ఒక బజ్జీ తుంచి సగం పెట్టేసేవాడు. తాను తినకుండా పక్కవాళ్లకు పెట్టడం ఆయనకు ఇష్టం.

మొదటి రోజు తోటంతా తిరిగి చూసి ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే.

"కాటా యాడుంది పాపా?"

"కాటా ల్యా సావుకారీ. ఎవురికి ఎంత కావాలంటే అంత కోసుకునేదే."

"ఎంత కావాలో ఎవురు సెప్పాల?"

"మీరే."

ఆయన ముఖం చూడాలి ఆ పూట. ఎంత ఉందో, ఎంత తరుగు తీయాలో, ముల్లు ఎటు వాలిందో చూస్తూ బతికిన మనిషిని తీసుకొచ్చి తూకం లేని చోట వదిలేసినట్టయింది. రెండు వంకాయలు కోశాడు. వాటిని అరచేతిలో ఎగరేసి బరువు చూశాడు. ఒకటి తెచ్చి నాకే ఇచ్చేసి, "ఎక్కువాయనేమో" అన్నాడు. తర్వాత ఎన్ని ఆదివారాలు వచ్చినా ఆయన సంచి ఎప్పుడూ నిండలేదు. ఇంటికి పోయేటప్పటికి అందులో అడుగున ఏదో ఉన్నట్టు ఉండేదంతే. నిండా కోసుకుని, కారు డిక్కీలో పెట్టుకుని, వాడిపోయాయని మళ్లీ నాకే ఫోన్ చేసేవాళ్లను చూసి చూసి, ఆ ఖాళీ సంచిని చూస్తే నాకు ప్రాణం లేచొచ్చేది.

ఆయన చేతులు ఊరికే ఉండేవి కావు. పత్తి చూసేవాళ్లు పిడికెడు దూది తీసుకుని, రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగుతారు. పోగు ఎంత పొడుగు సాగితే అంత మంచి సరుకు. ఆ పొడుగునే పింజ అంటారు. ఆయన వేళ్లకు ఆ లాగుడు వదల్లేదు. పుంటికూర ఆకును లాగి చూసేవాడు, గోరుచిక్కుడు తీగను లాగి చూసేవాడు, మాట్లాడుతూ మాట్లాడుతూ తన తువ్వాలు అంచులో దారాన్ని లాగి చూసుకునేవాడు. మనుషుల్నీ అట్లాగే చూసేవాడు.

ఆదోని నుంచి బ్యాంకు ఉద్యోగి ఒకాయన చేరాడు. ప్రకృతి, ఆరోగ్యం అంటూ గట్టు మీద నిలబడి ఉపన్యాసం ఇచ్చాడు. ఆయన అటు పోగానే సావుకారు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "పొట్టి పింజ పాపా. నూలుకు నిలవదు" అన్నాడు. బ్యాంకాయన మూడో వారం నుంచి కనిపించలేదు. ఎమ్మిగనూరు నుంచి వచ్చే లెక్చరర్ గారి గురించి అడిగితే, "సరుకు మంచిదే, సెత్త ఎక్కువ. ఏరుకోవాల" అన్నాడు. మా ఆయన గురించి నేనే అడిగాను.

"మీ ఆయనది పొడుగు పింజ. ఐతే తడి ఎక్కువ. ఎండబెట్టుకుని వాడుకోవాల."

తూకం రావడానికి బోరాలకు, అంటే పత్తి నింపిన గోనె సంచులకు, నీళ్లు చల్లి తెచ్చేవాళ్లు ఉంటారట, ఆ తడి. మా ఆయన దిగులుపడే మనిషి. రెండు వారాలు వాన లేకపోతే అన్నం మానేస్తాడు. ఈ మాట విన్నాక నాకు ఎన్నో రోజులు ఆయన్ని చూస్తే నవ్వు వచ్చేది.

"మరి నాది?" అని అడిగాను.

"పగలని కాయలో పింజ ఎట్ల సెప్పేది పాపా?" అన్నాడు. ఎప్పుడు అడిగినా అదే మాట.

ఇక ఆ తువ్వాలు. యార్డులో ధర పైకి చెప్పరు. కొనేవాడి చేయీ అమ్మేవాడి చేయీ కలిపి పైన తువ్వాలు కప్పుతారు. లోపల వేళ్లు పట్టుకుని ధర అడుగుతారు, వేళ్లు పట్టుకునే తగ్గిస్తారు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఒక్కరికీ తెలియదు. కుదిరితే చేయి మొత్తం పట్టి నొక్కుతారు. కుదరకపోతే ఎవరో ఒకరు చేయి వెనక్కి తీసుకుంటారు. కోపాలు లేవు, మాటలు లేవు. చేయి తీసుకుంటే అయిపోయింది.

ఆ అలవాటు మా తోటలోకీ వచ్చింది. లెక్చరర్ గారి వంకాయలకు తన గోరుచిక్కుళ్లు ఇవ్వాలంటే తువ్వాలు కప్పేవాడు. వచ్చే ఆదివారం బజ్జీలు ఎన్ని తేవాలో కూడా తువ్వాలు కిందే. లెక్చరర్ గారికి వేళ్ల భాష రాదు. ఏదో ఒకటి నొక్కి, పళ్లు ఇకిలించేవాడు. "సారు నన్ను ముంచేసినాడప్పా" అని ఈయన నెత్తి కొట్టుకునేవాడు. అంతా నవ్వేవాళ్లు. ఆ నవ్వు విని నేను పార పక్కన పెట్టి కాసేపు కూర్చునేదాన్ని.

ఇప్పుడు బెండ సంగతి.

చేరిన ఏడే ఆయన తనకొక సాలు కావాలన్నాడు. "అందరిదీ అంటే ఎవురిదీ కాదు పాపా. నాకొకటి సూపించు, నేను సూసుకుంటా" అన్నాడు. సరేనని బెండ మడిలో చివరి సాలు చూపించాను. అది మా అమ్మ ఇచ్చిన నాటు విత్తనం. బెండకాయ కూర ఆయన చిన్నప్పటినుంచీ తిన్నాడు గానీ, చెట్టు మీద చూడటం అదే మొదలట. పూత వచ్చిన పొద్దు ఆ పూల ముందు గొంతుకూర్చుని లేవలేదు. లేత పసుపు రెక్కలు, లోపల ముదురు ఎరుపు.

"ఇది పత్తి పువ్వు కదా పాపా!"

"రెండూ ఒక ఇంటివే సావుకారీ. సుట్టాలు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పిందెలు వచ్చాయి, కాయలు దిగాయి. లేతగా ఉన్నప్పుడే కోయాలని అందరికీ చెప్పినట్టే ఆయనకూ చెప్పాను. ఆయన వినలేదు. "నాలుగు దినాలు ఓపిక పట్టు పాపా. పగలకముందే పెరికినోని సరుకు నేను ఏనాడూ ముట్టల్యా. గుడ్డి పత్తి అయితాది" అన్నాడు. ఇది పత్తి కాదయ్యా అంటే, "సుట్టమే కదా, నువ్వే సెప్తివి" అన్నాడు. ఆదోనిలో పుట్టి, పత్తి బోరాల మధ్య పెరిగిన మనిషి తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది. చుట్టూ అందరూ లేత కాయలు కోసుకుపోతుంటే ఆయన తన సాలు దగ్గర కాపలా ఉండేవాడు. ఎవరైనా చేయి పెడితే, "ఇంగా పగలల్యా" అని అదిలించేవాడు.

కాయలు ముదిరాయి, ఎండాయి. ఒక ఆదివారం నిజంగానే పగిలాయి. అయిదు అంచుల వెంట చీలిన కాయ కింద ఆయన దోసిలి పట్టాడు. నల్లటి గింజలు రాలి దోసిట్లో పడ్డాయి. కాయను విప్పి లోపల వేలు పెట్టి తిప్పి చూశాడు.

"దూది ల్యా" అన్నాడు.

లెక్చరర్ గారు పడి పడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన కూడా నవ్వి, ఆ గింజల్ని కింద పారేయకుండా తువ్వాలు కొంగులో కట్టుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "ఏండ్ల తరబడి పత్తి సూసినా పాపా. గింజ నా సేతిలో ఎప్పుడూ మిగలల్యా. అది దూదితో పాటే మిల్లోళ్లకు పోయేది."

ఆ గింజల్నే వేపాకు కలిపి కుండలో పోసి ఉంచాను. మరుసటి ఏడు కొన్న విత్తనాల మడి పల్లాకు తెగులు తగిలి పసుపు పచ్చగా మాడిపోతే, సావుకారి గింజల సాళ్లు కాస్త నిలిచాయి. నిలిచాయంటే విరగ కాశాయని కాదు, కూరకు వచ్చాయి. అప్పటినుంచి ప్రతి మడిలో చివరి సాలు కోయకుండా విత్తనానికి వదిలేయడం మా తోటలో ఆనవాయితీ అయింది. మా అమ్మ ఇట్లాగే వదిలేది. పదిమంది కోసుకునే చోట ఎవరి చేతిని ఆపాలో తెలియక నేను దాన్ని మానుకున్నాను. సావుకారి సాలు అనే పేరు పెట్టాక ఎవరూ చేయి పెట్టలేదు. పెద్దమనిషి పేరుకు ఉండే మర్యాద అది.

తర్వాత రెండేళ్లు వానలు మమ్మల్ని ఏడిపించాయి. కాలవ నీళ్లు మా దాకా ఎప్పుడూ రావు. బోరులో నీళ్లు లోపలికి పోయాయి. తోటకు వచ్చేవాళ్లు పలచబడ్డారు. వాళ్లనీ అనడానికి లేదు. ఎండలో పెట్రోలు ఖర్చు పెట్టుకుని వచ్చి నాలుగు వంకాయలు కోసుకుని పోవాలంటే ఎవరికైనా విసుగే. నాకే విసుగు వచ్చింది. పొద్దున లేస్తే చేతులు పిడికిలి పడేవి కావు. ఎవరి కోసం ఇదంతా అనిపించేది. ఆలూరు వైపు నుంచి ఒకతను వచ్చి చేను కౌలుకు అడిగాడు. మొత్తం పత్తి పెడతానన్నాడు. మా ఆయన నన్ను అడిగాడు. నేను మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఒప్పుకోవడమే అనుకున్నాడు. నిజానికి ఒప్పుకోవడమే.

ఆ వేసవి చివరి ఆదివారం వచ్చిన కొద్దిమందికీ మా ఆయన చెప్పేశాడు. "ఇంగ సాలప్పా. వచ్చే పంటకు తోట ల్యా. కౌలుకు ఇస్తాండాం."

ఒకరిద్దరు అయ్యో అన్నారు. లెక్చరర్ గారు "చాలా మంచి ప్రయత్నమండీ ఇది" అన్నాడు. బతికి ఉండగానే సంతాపసభ పెట్టినట్టుంది నాకు. అప్పటికి సావుకారు బాగా వంగిపోయాడు, చేతులకు వణుకు వచ్చింది. ఉగ్గాని పొట్లం విప్పకుండానే గట్టు మీద పెట్టి, మా ఆయన దగ్గరికి పోయి, కానుగ చెట్టు నీడకు పిలిచాడు. భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు.

మేమంతా చూస్తూ నిలబడ్డాం. లెక్చరర్ గారి బేరాల్లాగా ఇది నవ్వులాట కాదని అందరికీ తెలిసింది. మా ఆయన తల వంచుకుని ఉన్నాడు. సావుకారు ఎటో చేలవైపు చూస్తున్నాడు. యార్డులో కూడా అట్లాగే ఎటో చూస్తారట, ముఖంలో ధర కనిపించకూడదని. చాలాసేపు అయింది. తువ్వాలు అంచు వణుకుతూనే ఉంది. ఎవరి చేయీ వెనక్కి రాలేదు.

చివరికి మా ఆయన ఇటు తిరిగి వచ్చాడు. ఎవరి ముఖమూ చూడకుండా, "ఈ ఒక్క పంట సూద్దాం" అన్నాడు. కౌలు మనిషికి ఆ సాయంత్రమే ఫోన్ చేసి కాదన్నాడు.

నాకు కోపం వచ్చింది. నడుం విరిగేది నాది, చేతులు కాయలు కాసింది నావి. ఇద్దరు మగవాళ్లు గుడ్డ కప్పుకుని నా తోట సంగతి తేల్చుకోవడం ఏమిటి? ఇంటికి పోయాక మా ఆయన్ని అడిగాను, ముసలాయన ఏమి ఇస్తానన్నాడని. "తువ్వాలు కింద మాట బయట సెప్పగూడదు" అన్నాడు. మరుసటి ఆదివారం సావుకారినే నిలదీశాను.

"తోట నాది కదా సావుకారీ. బేరం ఆయనతో ఎందుకు సేస్తివి?"

ఆయన నన్ను చూసి నవ్వాడు. "అమ్మేటోనితోనే కదా పాపా బేరం? నువ్వు అమ్మేదానివి కాదు."

నేనూ ఆ పూట అమ్మేసిన దాన్నే అని చెప్పడానికి నోరు రాలేదు. అంత నమ్మకంగా అన్న మనిషికి ఏం చెబుతాం?

తోట బాగుపడిందని రాస్తే అబద్ధం. నిలిచింది, అంతే. వాన ఒక మాదిరిగా పడింది. పోయినవాళ్లలో ఇద్దరు ముగ్గురు తిరిగి వచ్చారు. సావుకారు రాక మాత్రం తగ్గింది. ఆటో దిగి గట్టు దాకా నడవడానికే ఆయాసపడేవాడు. చివరిసారి వచ్చినప్పుడు తన సాలు దగ్గర కూర్చున్నాడు. నేను కలుపు తీసి తీసి, ఆయన పక్కనే చతికిలబడ్డాను. ఆయన నా చేతిని తీసుకుని, దూది పట్టినట్టు బొటనవేలితో అరచేతిని రుద్ది చూశాడు.

"అలిసినావు పాపా."

"శానా అలిసినా సావుకారీ."

"పొట్టి పింజ అలవదు. టక్కున తెగుతాది. పొడుగు పింజే అలిసేది" అన్నాడు. ఇన్నేళ్లు దాచిన జవాబు అంత మామూలుగా ఇచ్చి, లేచి పంచె దులుపుకున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెమట తుడుచుకున్నట్టు తుడుచుకున్నాను.

పోయిన ఎండాకాలంలో తోట వాట్సాప్ గ్రూపులో సావుకారు పోయాడని వార్త వచ్చింది. మా ఆయనా నేనూ బండి మీద ఆదోనికి పోయాం. ఇరుకు సందులో ఇల్లు. వరండాలో పడుకోబెట్టారు. ఎర్ర అంచు తువ్వాలు మడిచి తల పక్కన పెట్టారు. మమ్మల్ని చూసి పెద్దకొడుకు లేచి వచ్చాడు. తోట వాళ్లమని చెబితే గుర్తుపట్టాడు.

"ఆదివారం వచ్చిందంటే సాలు, తెల్లారకముందే స్నానం సేసి కూసుండేవాడు మ్మా. యాడికి నాయనా అంటే, నాకు పని ఉండాది అనేవాడు."

ఆ తువ్వాలు కింద బేరం సంగతి మనసులో మెదులుతూనే ఉంది కదా, ఉండబట్టలేక అడిగాను. మా తోట కోసం మీ నాయన ఎవరితోనైనా మాట్లాడాడా, ఏమైనా ఇస్తానని చెప్పాడా అని. ఆయన అర్థం కానట్టు చూశాడు.

"మా నాయన సేతిలో ఏముందమ్మా ఇచ్చేకి? ఆటోకు గుడక మేమే ఇచ్చి పంపుతుంటిమి. బజార్లో ఆయన మాట అడిగేటోళ్లు పోయి శానా ఏండ్లాయ."

తిరిగి వచ్చేటప్పుడు ఊరు దాటాక మా ఆయన బండి ఆపాడు. టీ తాగుదామన్నాడు. రోడ్డు పక్క టీ బంకులో గ్లాసులు పట్టుకుని నిలబడ్డాం. ఎండకు తారు మెత్తబడి ఉంది. ఎదురుగా దున్ని పెట్టిన నల్ల చేలు, వానకోసం చూస్తూ. నేను అడగలేదు. అడిగే ఓపిక కూడా లేదు. ఆయనే అన్నాడు.

"మనిషే పాయ. ఇంగ సెప్పొచ్చులే."

నేను గ్లాసు దించి ఆయన వైపు తిరిగాను.

"ఆ పొద్దు తువ్వాలు కింద ఏ వేలూ పట్టుకోల్యా ఆయప్ప. ఏమి సావుకారీ, ఎంత అని నేనే వేళ్లు కదిలించి అడిగితి. జవాబు ల్యా. ఊరికే నా సెయ్యి పట్టుకున్యాడు. వణుకుతాండె. అట్లనే పట్టుకుని నిలబన్యాడు."

"మరి నువ్వెట్ల ఒప్పుకుంటివి?"

మా ఆయన టీ వైపు చూసుకున్నాడు. తాగలేదు.

"బేరం కుదరకపోతే ఎవురో ఒకరు సెయ్యి ఎనక్కి తీసుకోవాల కదా. ఆయప్ప తీసుకోల్యా. నాకు తీసుకునేకి సేత కాల్యా."

గ్లాసులు అక్కడే పెట్టి బండెక్కాం. చేను దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. మా ఆయన బోరు మోటారు వేశాడు. నీళ్లు దగ్గి దగ్గి వచ్చాయి. నేను కుండ దింపి, వేపాకు తీసేసి, బెండ గింజలు దోసిట్లోకి పోసుకుని, చివరి సాలు నుంచి విత్తడం మొదలుపెట్టాను.